మాడ్రిడ్ గోడ మీది ఆ వాన వీధి ఎవరిది?

థిస్సెన్-బోర్నెమిస్సా కలెక్షన్ ఫౌండేషన్ ధర్మకర్తల మండలికి, స్పెయిన్ సంస్కృతి మంత్రిత్వ శాఖకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మీ మ్యూజియంలో 81 సెంటీమీటర్ల ఎత్తు, 65 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కాన్వాసు ఒకటి ఉంది. చిత్రకారుడు కమీల్ పిస్సారో 1897లో వేసిన పారిస్‌లోని రూ సెంట్-ఒనోరే వీధి, మధ్యాహ్నం పూట, వానలో. నాజీల కాలంలో దాన్ని పోగొట్టుకున్న కసీరర్ కుటుంబానికి తిరిగి ఇచ్చేయమని అడగడానికే ఈ లేఖ. ఆ మాట మొదటే ఎందుకు చెప్పేస్తున్నానంటే, ఇరవై ఏళ్లుగా నడుస్తున్న వ్యాజ్యంలో అసలు సంగతి మరుగున పడింది. ఏ దేశపు చట్టం వర్తిస్తుంది, గడువును ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలి అన్న వాదనలే మిగిలాయి.

నేను న్యాయవాదిని కాను, చరిత్రకారుణ్ణీ కాను. బొమ్మలు చూడటం ఇష్టమున్న తెలుగువాణ్ణి. ఎక్కడి పిస్సారో, ఎక్కడి మాడ్రిడ్, మధ్యలో నీకేమిటి అని మీరు అడగవచ్చు. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఒక ఊరి పేరు చెప్పి ఆ ప్రశ్నకు తర్వాత జవాబిస్తాను. ముందు బొమ్మ గురించి మాట్లాడుకుందాం. కోర్టు కాగితాల్లో అది ‘వివాదాస్పద ఆస్తి’గా మారిపోయి చాలా కాలమైంది.

1897 డిసెంబరు నాటికి పిస్సారోకు అరవై ఏడేళ్లు. కన్నీటి నాళానికి సోకిన జబ్బుతో గాలీ దుమ్మూ పడేవి కావు. ఆరుబయట ఈజిల్ నిలబెట్టి, వెలుతురు మారేలోగా బొమ్మ పూర్తి చేయాలని పట్టుబట్టిన ఇంప్రెషనిస్టు చిత్రకారుల బృందానికి పెద్దన్న వంటి మనిషి, చివరి దశలో హోటల్ కిటికీ లోపలి నుంచి బొమ్మలు వేయాల్సి వచ్చింది. పారిస్‌లో గ్రాండ్ హోటల్ ద్యు లూవ్ర్‌లో గది తీసుకుని, కింద కనిపించే కూడలినీ అక్కడ కలిసే వీధులనూ ఆ చలికాలమంతా వేశాడు. మొత్తం పదిహేను బొమ్మలు. ఈ వీధులు అందవికారమని అందరూ అంటారు గానీ ఎంత వెండిలా మెరుస్తున్నాయో, ఎంత జీవంతో ఉన్నాయో అని కొడుకు లూసియన్‌కు ఉత్తరం రాశాడు.

మీ బొమ్మలో వాన గీతలు విడిగా కనిపించవు. రోడ్డు మెరుపును బట్టి వాన ఉందని తెలుస్తుంది. తడిసిన నేల మీద బూడిదరంగు, లేత ఊదా, కాస్త పసుపు. గుర్రపు బగ్గీలు, గొడుగులు, ముందువైపు గుండ్రటి ఫౌంటెన్, ఆకురాలిన చెట్లు. వీధి దూరం పోయేకొద్దీ మంచులో కరిగిపోతుంది. గొడుగు పట్టుకున్న మనిషి దగ్గరికి కళ్లు తీసుకుపోతే మనిషి ఉండడు, రెండు మూడు కుంచె విదిలింపులు ఉంటాయి. రెండడుగులు వెనక్కి జరిగితే మళ్లీ నడుస్తాడు. 1874 ఏప్రిల్‌లో ఫొటోగ్రాఫర్ నాదార్ పాత స్టూడియోలో ఈ బృందం తొలి ప్రదర్శన పెట్టినప్పుడు, లూయీ లెరువా అనే విమర్శకుడు మోనె వేసిన వీధి బొమ్మలోని జనాన్ని చూసి, నాలుకతో నాకినట్టున్న ఈ నల్లటి మరకలేమిటి, నేను వీధిలో నడుస్తుంటే ఇలాగే ఉంటానా అని వెక్కిరించాడు. ఆ వెక్కిరింపు వ్యాసంతోనే ‘ఇంప్రెషనిస్టులు’ అనే పేరు ఊరంతా పాకింది. వాళ్లు 1886 దాకా ఎనిమిది ప్రదర్శనలు పెడితే, ఎనిమిదింటిలోనూ బొమ్మలు పెట్టిన ఒకే ఒక్కడు పిస్సారో. కొట్లాడుకున్న వాళ్ల మధ్య రాజీలు కుదర్చడం, సెజాన్ వంటి మొండివాడికి పక్కన కూర్చుని నేర్పడం ఆయన వంతు.

ఆ మనిషి యూదుడు. కరీబియన్ దీవుల్లో డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న సెంట్ థామస్‌లో, పోర్చుగల్ మూలాలున్న యూదు ఇంట్లో 1830లో పుట్టాడు. ఈ సంగతి ఇక్కడెందుకంటే, ఆయన మీ బొమ్మ వేసిన ఆ హోటల్ గదిలో ఉండగానే పారిస్‌లో డ్రైఫస్ వ్యవహారం భగ్గుమంది. చేయని దేశద్రోహానికి శిక్ష పడిన యూదు సైనికాధికారి తరఫున 1898 జనవరి 13న రచయిత ఎమీల్ జోలా పత్రికలో లేఖ ప్రచురించాడు. అదీ బహిరంగ లేఖే. పిస్సారో జోలా పక్షాన నిలిచాడు. ఇరవై ఏళ్ల స్నేహితులు డెగా, రెన్వార్ అవతలి పక్షానికి పోయారు, డెగా ఆయనను పలకరించడం మానేశాడు. ఆ రోజుల్లోనే తన బొమ్మల వ్యాపారి డ్యురాన్-రువెల్ దుకాణానికి నడిచి వెళ్తుంటే, ‘యూదులు చావాలి, జోలా నశించాలి’ అని అరుస్తున్న కుర్రమూక మధ్యలో చిక్కుకున్నాడట. నిమ్మళంగా వాళ్ల మధ్యనుంచే దాటుకుని పోయానని కొడుక్కి రాశాడు. కిటికీలోంచి చూస్తూ ఆయన అంత ప్రేమగా వేసిన వీధుల్లోనే ఆ కేకలు వినిపించాయి.

ఆ బొమ్మ కొద్ది కాలానికే బెర్లిన్ చేరింది. కొన్నది జూలియస్ కసీరర్. ఆ రోజుల్లో బెర్లిన్‌లో ఇంప్రెషనిస్టు బొమ్మ కొని గోడకు తగిలించడం తెగువతో కూడిన పని. చక్రవర్తి రెండో విల్‌హెల్మ్‌కు ఈ ఫ్రెంచి వేషాలు గిట్టేవి కావు. నేషనల్ గ్యాలరీ డైరెక్టర్ హ్యూగో ఫాన్ చూడి 1896లో మానె బొమ్మ తెచ్చి పెట్టాడు, అలాంటివే మరికొన్ని తెచ్చాడు, చక్రవర్తితో తగవులు ముదిరి చివరికి బెర్లిన్ వదిలిపోయాడు. ఆయన వెనుక నిలిచి డబ్బు ఇచ్చిన వాళ్లలో చాలామంది బెర్లిన్ యూదు కుటుంబాల వాళ్లు. కసీరర్ వంశంలోనే పాల్, బ్రూనో కలిసి గ్యాలరీ నడిపి ఈ కొత్త కళను జర్మనీకి పరిచయం చేశారు. ఇవాళ ఏ మ్యూజియం దుకాణంలో చూసినా మగ్గుల మీద, క్యాలెండర్ల మీద ఇంప్రెషనిజమే కనిపిస్తుంది. నవ్వులపాలైన రోజుల్లో దాన్ని నమ్మి ఇంట్లో పెట్టుకున్న వాళ్లలో కసీరర్‌లు ఉన్నారు. జూలియస్ నుంచి ఈ బొమ్మ వారసత్వంగా అతని కోడలు లిల్లీకి వచ్చింది. ఆమె ఇంటి గోడ మీద ఇదే వాన వీధి వేలాడుతున్న ఫొటో ఒకటి ఉంది. తల్లి లేని మనవడు క్లాడ్ ఆ గదిలోనే ఆడుకుంటూ పెరిగాడు.

1939లో లిల్లీ జర్మనీ వదిలి పారిపోవాలనుకుంది. పోవాలంటే అనుమతి కావాలి. బొమ్మ విలువ కట్టడానికి నాజీలు పెట్టిన వ్యాపారి జాకబ్ షైడ్‌విమ్మర్ దానికి 900 మార్కులు ఇస్తానన్నాడు. ఆనాటి లెక్కలో 360 డాలర్లు. అదీ ఆమె చేతికి రాదు, ఆమె తీసుకోలేని ఖాతాలో పడుతుంది. ఆమె బొమ్మ ఇచ్చి ప్రాణాలు తీసుకుని వెళ్లింది. దీన్ని ఎవరూ అమ్మకం అనలేదు. యుద్ధం తర్వాత జర్మనీలో అమెరికా ఏర్పాటు చేసిన కోర్టు కూడా ఆమెనే సొంతదారుగా గుర్తించింది. బొమ్మ ఎక్కడుందో ఎవరికీ తెలియని పరిస్థితిలో 1958లో జర్మనీ ప్రభుత్వం 1,20,000 మార్కుల పరిహారం ఇచ్చింది. లిల్లీ 1962లో చనిపోయింది. బొమ్మ యుద్ధంలో కాలిపోయి ఉంటుందనే అంతా అనుకున్నారు.

అది కాలిపోలేదు. 1943లో బెర్లిన్‌లో వేలానికి వచ్చింది. 1951లో కాలిఫోర్నియాలో తేలింది. చేతులు మారి సెంట్ లూయిస్‌లో ఒక ఇంటికి చేరింది. 1976లో న్యూయార్క్‌లో ఒక గ్యాలరీలో బారన్ హాన్స్ హైన్రిష్ థిస్సెన్-బోర్నెమిస్సా దాదాపు మూడు లక్షల డాలర్లకు కొన్నాడు. 1993లో స్పెయిన్ ప్రభుత్వం ఆయన సేకరణలోని 775 చిత్రాలను 30 కోట్ల డాలర్లకు పైగా పెట్టి మీ ఫౌండేషన్ కోసం కొన్నది. అలా ఆ వీధి మీ మ్యూజియం ఉన్న విల్యాఎర్మోసా భవనంలోకి వచ్చింది.

ఇప్పుడు ఒక లెక్క చెబుతాను. మీ దేశపు సివిల్ కోడ్ ప్రకారం కదిలే ఆస్తిని సద్భావంతో మూడేళ్లు చేతిలో ఉంచుకుంటే అది మీదవుతుంది. సద్భావం ఉందో లేదో తేలకపోయినా ఆరేళ్లు ఉంచుకుంటే చాలు. 1993కు ఆరు కలిపితే 1999. క్లాడ్ కసీరర్‌కు ఆ బొమ్మ మాడ్రిడ్‌లో ఉందని తెలిసింది 2000లో. అంటే సొంతదారు తన సొత్తు ఎక్కడుందో తెలుసుకునేలోపే అది తనది కాకుండా పోయింది. ఏ నోటీసూ లేదు, ఎవరూ అడగలేదు, ఎవరూ జవాబు చెప్పలేదు. గడియారం ఒక్కటే పనిచేసింది. అప్పటికి ఆయన ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. తిరిగి ఇవ్వమని అడిగాడు, మీరు కాదన్నారు. 2005లో కాలిఫోర్నియాలో దావా వేశాడు. 2010లో చనిపోయాడు. ఇప్పుడు ఆయన కొడుకు నడుపుతున్నాడు.

ఆ తర్వాతి కోర్టు కథ పొడుగు, చదవడానికి విసుగు. ముఖ్యమైన మజిలీలు చాలు. 2019లో లాస్ ఏంజెలిస్ జడ్జి స్పెయిన్ చట్టం ప్రకారం బొమ్మ మీదేనని తేల్చారు. అది దోపిడీ సొత్తని మీకు నిజంగా తెలుసని ఆయన అనలేదు, న్యాయంగా ఆ మాట కూడా చెప్పాలి. కానీ బారన్ కొన్నప్పుడు బొమ్మ వెనుక చింపేసిన చీటీలు, బెర్లిన్ అని మిగిలిన ముక్క కనిపిస్తూనే ఉన్నాయని, అనుమానించి విచారించాల్సిందని అన్నారు. స్పెయిన్ స్వయంగా సంతకం పెట్టిన నైతిక హామీలకు కట్టుబడేలా చేసే అధికారం తనకు లేదని కూడా రాశారు. 2022 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ఏకగ్రీవ తీర్పుతో కేసును వెనక్కి పంపింది. 2024 జనవరిలో అప్పీలు కోర్టు మళ్లీ మీ పక్షానే నిలిచింది, అయితే ఆ ధర్మాసనంలోని జడ్జి ఒకరు స్పెయిన్ తనంత తానుగా బొమ్మ ఇచ్చేయాల్సిందని, ఈ తీర్పు తన మనస్సాక్షికి సరిపడటం లేదని విడిగా రాశారు. అదే ఏడాది కాలిఫోర్నియా ఇలాంటి కేసుల కోసం చట్టాన్నే మార్చింది. 2025 మార్చి 10న సుప్రీంకోర్టు పాత తీర్పును పక్కనపెట్టి, కొత్త చట్టం వెలుగులో మళ్లీ చూడమంది.

మీరు గెలిచిన ప్రతిసారీ గెలిపించిన జడ్జే తల దించుకుని తీర్పు రాయడం మీకు ఏమీ అనిపించడం లేదా?

మీ తరఫు వాదనలు నేను చదివాను. వాటిలో పరిహారం వాదన ఒకటి. లిల్లీకి 1958లోనే డబ్బు ముట్టింది కదా అంటారు. ముట్టింది. అయితే ఆ ఒప్పందంతో ఆమె బొమ్మ మీద హక్కు వదులుకోలేదని మీరు గెలిచిన కోర్టే తేల్చింది. మిగిలింది డబ్బు లెక్క. పోయిన సొత్తు దొరికినప్పుడు తీసుకున్న పరిహారం తిరిగి ఇవ్వడం ఎక్కడైనా ఉన్నదే, దానికి లెక్కల గుమస్తా ఒకరు చాలు.

రెండోది, ఇది ప్రజల సొత్తు, ఇచ్చేస్తే ఎవరో ధనికుడి ఇంట్లో బందీ అవుతుంది అనే వాదన. ఇది వినడానికి బాగుంటుంది. నాలాంటి వాడికి మరీ బాగుంటుంది, ఎందుకంటే బొమ్మలు కొనే స్తోమత లేని వాళ్లమంతా మ్యూజియంల పుణ్యాన బతుకుతున్నాం. అందుకే ఈ వాదన మీద కాస్త ఆగుతాను.

పారిస్‌లో తుయిలరీ తోట చివర జ్యూ ద పోమ్ అనే భవనం ఉంది. జర్మనీ ఆక్రమణ కాలంలో నాజీలు ఫ్రాన్సు యూదుల ఇళ్ల నుంచి దోచిన కళాఖండాలను అక్కడే చేర్చి, లెక్క రాసి, పెట్టెల్లో సర్ది రైళ్లెక్కించేవారు. నాజీ అగ్రనేత గోరింగ్ స్వయంగా వచ్చి ఏరుకునేవాడు. ఇంప్రెషనిస్టు బొమ్మలు వాళ్ల సిద్ధాంతానికి నచ్చకపోయినా పారేయలేదు, పాతకాలపు మహాచిత్రకారుల బొమ్మలకు మారకంగా వాడుకున్నారు. అక్కడ ఉద్యోగిగా ఉన్న రోజ్ వాలాన్ అనే ఆమె ఏ పెట్టె ఎక్కడికి పోతోందో రహస్యంగా రాసిపెట్టడం వల్ల యుద్ధం తర్వాత చాలా వాటి జాడ తెలిసింది. అదే భవనం 1947 నుంచి 1986 దాకా ఫ్రాన్సు ప్రభుత్వపు ఇంప్రెషనిస్టు మ్యూజియం. దోపిడీ సొత్తు పేర్చిన గదుల్లోనే దాదాపు నలభై ఏళ్లు లోకమంతా వచ్చి మోనె కలువలనూ గసగసాల పొలాలనూ చూసి మురిసిపోయింది. ఈ బొమ్మల కళే అలాంటిది. ఎండ, పడవలు, తోటలు, వాన. వాటి ముందు నిలబడితే మనసు తేలికపడుతుంది, అడగాల్సిన ప్రశ్న నోటిదాకా రాదు. ఇంప్రెషనిజం అంటే తగవులన్నీ తీరిపోయిన తీపి కళ అనే భావన అలాగే స్థిరపడింది. మీ వాన వీధి వేసినవాడు మాత్రం చావుకేకల మధ్య నడిచిపోయినవాడు. అంతకు ముందు 1870 యుద్ధంలో ప్రష్యా సైనికులు లూవెసియెన్‌లోని అతని ఇంట్లో దిగి, ఏళ్ల తరబడి వేసుకున్న కాన్వాసులను బురద తొక్కకుండా నేలమీద పరుచుకున్నారు. తిరిగొచ్చేసరికి వందలాది బొమ్మల్లో మిగిలినవి కొన్నే. సైనికుల చేతిలో బొమ్మలు పోతే ఎలా ఉంటుందో పిస్సారోకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక ప్రజల సొత్తు సంగతి. ప్రజల సొత్తు కావాలంటే ముందు సొంతదారు దగ్గర కొనాలి, లేదా సొంతదారు ఇవ్వాలి. ఈ బొమ్మ విషయంలో 1939 తర్వాత సొంతదారును ఎవరూ ఒక్క మాట అడగలేదు. ప్రజల పేరు చెప్పి ఒక కుటుంబం నోరు కట్టేయడం ఏ ప్రజలకూ గౌరవం కాదు, స్పెయిన్ ప్రజలకు అసలే కాదు.

ఎందుకు అసలే కాదో మీ పార్లమెంటే చెప్పింది. 1492లో దేశం నుంచి వెళ్లగొట్టిన యూదుల వారసులకు పౌరసత్వం ఇస్తామని 2015లో మీరు చట్టం చేశారు. ఆ ఏడాది నవంబరులో మీ రాజు ఫెలిపె ఆ వారసులను పిలిచి, మీరు లేని లోటు మాకు ఎంతగా తెలిసిందో అన్నారు. దూరం నుంచి ఆ వార్త చదివి నేను నిజంగా సంతోషించాను. ఐదు వందల ఏళ్ల నాటి తప్పుకు గడువు దాటలేదని ఒప్పుకున్న దేశం, అరవై ఏళ్ల నాటి దోపిడీకి ఆరేళ్ల గడువు చాలని కోర్టులో వాదించడం ఎలా? రెండు వాదనలూ ఒకే ప్రభుత్వానివి. 1998లో వాషింగ్టన్‌లో, 2009లో చెక్ దేశంలోని తెరెజిన్‌లో, నాజీలు దోచిన కళను గడువుల చాటున దాచుకోకుండా న్యాయమైన పరిష్కారం చూపుతామని ఒప్పుకున్న దేశాల్లో స్పెయిన్ కూడా ఉంది. మాట ఇచ్చే గదికి ఒక మంత్రి, మాట తప్పే గదికి ఒక లాయరు.

ఇలాంటి చిక్కు మీ ఒక్కరికే రాలేదు. పిస్సారో బొమ్మలకే ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. పారిస్ బులవార్ద్ మోమార్త్రను వసంతకాలపు ఉదయం పూట ఆయన వేసిన బొమ్మ, మీ బొమ్మకు తోబుట్టువు, అదే 1897 నాటిది, ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉండేది. బ్రెస్లావ్‌కు చెందిన మాక్స్ జిల్బర్‌బర్గ్ అనే యూదు సేకర్త నుంచి నాజీ కాలంలో పోయినదని తేలాక, 2000లో ఆ మ్యూజియం దాన్ని ఆయన కోడలికి ఇచ్చేసింది. ఆమె దాన్ని వెంటనే పట్టుకుపోలేదు, ఏళ్ల తరబడి ఆ మ్యూజియం గోడ మీదనే ఉండనిచ్చింది. 2014లో లండన్‌లో అది దాదాపు 1.97 కోట్ల పౌండ్లకు అమ్ముడైంది. బెర్లిన్‌లో ఇంకో ఉదాహరణ. లా రోష్-గుయోన్ ఊరి కూడలిని పిస్సారో తొలి రోజుల్లో వేసిన బొమ్మ అక్కడి ఆల్టె నేషనల్ గ్యాలరీలో ఉంది. ఫ్రెంచి యూదు న్యాయవాది అర్మాన్ దోర్విల్ సేకరణలోనిది, 1942లో నీస్‌లో వేలం వేసినది. 2021లో బెర్లిన్ వాళ్లు హక్కు వారసులకు అప్పగించి, వెంటనే వాళ్ల దగ్గరే డబ్బిచ్చి కొనుక్కున్నారు. బొమ్మ గోడ మీంచి కదల్లేదు. మారింది హక్కు ఒక్కటే. గోటితో పోయే పనికి గొడ్డలి ఎందుకని వాళ్లకు తెలిసింది.

ఫ్రాన్సు ఇంకా కఠినంగా పోయింది. బఠాణీ కాయలు కోస్తున్న ఆడవాళ్లను పిస్సారో వేసిన బొమ్మ ఒకటి ఉంది, సిమోన్ బవేర్ అనే యూదు పారిశ్రామికుడి నుంచి 1943లో లాక్కున్నది. 1995లో న్యూయార్క్ వేలంలో అమెరికా దంపతులు ఎనిమిది లక్షల డాలర్లు పోసి కొన్నారు, వాళ్లకు ఏమీ తెలియదు. 2017లో పారిస్ మ్యూజియం ఒకటి ప్రదర్శనకు అరువు తీసుకుంటే బవేర్ కుటుంబం గుర్తుపట్టి కోర్టుకు పోయింది. దోపిడీ జరిగిన క్షణం నుంచి తర్వాతి అమ్మకాలన్నీ చెల్లవన్న 1945 నాటి చట్టం ఆధారంగా బొమ్మ ఇచ్చేయమని కోర్టు చెప్పింది, 2020లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఖాయం చేసింది. ఆ దంపతుల మీద నాకు జాలి ఉంది. ప్రభుత్వ సంస్థ మీద అంత జాలి కలగడం లేదు.

ఇక నాకేమిటి సంబంధమన్న ప్రశ్న. ఆ ఊరి పేరు చందవరం. అక్కడ బౌద్ధ మహాస్తూపం ఉంది. దాని తాలూకు మూడో శతాబ్దపు సున్నపురాయి పలక ఒకటి, బుద్ధుణ్ణి పూజిస్తున్న జనం చెక్కి ఉన్నది, అక్కడి నుంచి దొంగిలించి సముద్రాలు దాటించారు. 2005లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆస్ట్రేలియా న్యూయార్క్ వ్యాపారి దగ్గర దాన్ని 5,95,000 డాలర్లకు కొన్నది. కాగితాలన్నీ సవ్యంగానే ఉన్నాయనుకున్నారు, మీలాగే. అవి నమ్మదగినవి కావని తేలాక 2016లో కాన్‌బెర్రాలో మన కేంద్ర మంత్రి చేతికి అప్పగించారు. పదకొండేళ్లు వాళ్ల దగ్గర ఉంది. మీ ఆరేళ్ల లెక్క వాళ్లు పట్టుకుని ఉంటే చందవరం పలక ఇవాళ్టికీ ఆస్ట్రేలియాదే. ఆ డబ్బు వాళ్లు ప్రజల పన్నుల నుంచే పెట్టారు. అక్కడి ప్రజలకూ ఆ పలక నచ్చే ఉంటుంది. అయినా ఇచ్చారు. అమరావతి శిల్పాలు ఇంకా లండన్‌లోనే ఉన్నాయి, వాటి సంగతి వేరు, ఆ తగవు ఇంకా పాతది. కానీ పోయిన సొత్తు తిరిగొస్తే ఎలా ఉంటుందో మాకు కాస్త తెలుసు. అందుకే మీ మ్యూజియం వ్యాజ్యం వార్త కనబడితే పేజీ తిప్పేయలేను.

మీకు భయం ఒకటి ఉందని నాకు తెలుసు. ఈ ఒక్కటి ఇస్తే రేపు ఇంకెవరో వస్తారు, సేకరణంతా ఖాళీ అవుతుందని. 775లో ఇంకెన్నింటి వెనుక చింపిన చీటీలు ఉన్నాయో చూసుకోవాల్సిన పని మీదే, కోర్టుకు ఎవరో వచ్చేదాకా ఆగే పని కాదు. చరిత్ర సవ్యంగా ఉన్న బొమ్మను ఎవరూ అడగరు.

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. కాలిఫోర్నియాలో మీ వాదన ఉపసంహరించుకుని, బొమ్మ మీద హక్కు కసీరర్ వారసులదని ఒప్పుకుంటూ సంతకం పెట్టండి. దానికి మీ పార్లమెంటు చట్టం కావాలంటే తెప్పించుకోండి, 2015లో అంతకన్నా పెద్ద చట్టమే తెచ్చారు. 1,20,000 మార్కుల లెక్క ఇరుపక్షాల గుమస్తాలకు వదలండి. ఆ తర్వాత కొనుక్కుంటామనో, కొన్నేళ్లు గోడ మీద ఉంచుకోనివ్వమనో వాళ్లను అడగండి. మంత్రి గారే స్వయంగా అడిగితే ఇంకా బాగుంటుంది, మండలికి అధ్యక్షులు వారే కదా. బహుశా వాళ్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోవచ్చు కూడా, అది వాళ్ల ఇష్టం. అప్పుడు బొమ్మ మాడ్రిడ్ వదిలిపోతుంది, ఏ వేలంలోనో ఎవరి ఇంటికో చేరుతుంది. అది చూడాలనుకుని వచ్చినవాళ్లు నిరాశగా తిరిగిపోతారు. ఎప్పుడో ఒకసారి ఆ తడి రోడ్డును దగ్గర నిలబడి చూడాలని కోరిక ఉన్న నేనూ నిరాశపడతాను. పడనివ్వండి. మీరు మాత్రం సంతకం పెట్టండి.

ఇట్లు,
ఒక తెలుగు చిత్రకళాభిమాని